నలభై ఒక్క ఆటల విక్రయ పత్రం

నలభై ఒక్క వీడియో గేములను స్టాంపు కాగితం మీద, ఇద్దరు సాక్షుల సంతకాలతో, పుత్ర పౌత్ర పారంపర్యంగా కొన్న మొగోణ్ణి ఈ జిల్లాలో నేనొక్కడినే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత సందు దొరకదు.

నా పేరు ధర్మేందర్. మాది సూర్యాపేట. పదకొండేళ్లు లారీ తోలాను. నడుములో డిస్కు జరిగింది, మళ్లీ స్టీరింగు ముందు కూర్చుంటే కాళ్లు పడిపోతాయి అని దవాఖానలో ఫిలిం చూపించి మరీ చెప్పారు. ఆ రోజు నా భార్య రజిత నా చేతిలో నుంచి లారీ తాళం తీసుకొని బియ్యం డబ్బాలో దాచింది. లారీలో నా వాటా అమ్మేసి, కూర్చుని చేసుకునే పని కోసం వెతికాను. కోదాడలో శ్రీనాథ్ అనే పిల్లగాడు గేమ్స్ షాపు అమ్ముతున్నాడని తెలిసింది. అతనికి కొత్తగా పెళ్లయింది, మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసులో ఉద్యోగం దొరికింది, అటు పోతున్నాడు. రెండు టీవీలు, రెండు గేమ్ డబ్బాలు, ఒక కూలరు, ఆరు కుర్చీలు. ఒక్కసారి కూర్చుని చూశాను. నడుముకు హాయిగా ఉంది.

తెలివిగా నేనడిగిన ప్రశ్న ఒక్కటే. గేములంటున్నావు, వాటి డిస్కులేవి అన్నాను. ఇప్పుడు డిస్కులెవరూ కొనరని, డబ్బులు కట్టి నెట్‌లో నుంచి డబ్బాలోకి దింపుకోవడమేనని, గీతలు పడతాయనీ ఎవడైనా ఎత్తుకుపోతాడనీ భయం ఉండదని శ్రీనాథ్ చెప్పాడు. దొంగలు ఎత్తుకుపోలేని ఆస్తి అంటే నాకు ఇంకా ముద్దొచ్చింది.

మా దిక్కు నడుస్తున్న షాపు కొంటే నోటి మాట మీద కొనం. హోటలైనా, ఇస్త్రీ బండైనా ఉన్న సామానంతా రాసుకొని కాగితం చేసుకుంటాం. కోదాడలో రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన లక్ష్మీనర్సయ్య సారు కూర్చుంటాడు. నలభై ఏళ్లుగా భూముల దస్తావేజులు రాస్తున్న మనిషి. ఆయన రాసిన కాగితం కోర్టులో ఓడిపోలేదని పేరు. కుర్చీల దాకా చకచకా రాసి, ఆటల దగ్గర కలం ఆపేశాడు. చేతిలో పట్టుకోవడానికి రావు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడానికి రావు, ఇవి చరాస్తా స్థిరాస్తా అని అడిగాడు. మేం ముఖాలు చూసుకున్నాం. అసలు ఇవి నీకెట్లా వచ్చాయో చూపించమన్నాడు శ్రీనాథ్‌ను. శ్రీనాథ్ ఫోన్లో నలభై ఒక్క రసీదులు చూపించాడు. ప్రతి దాంట్లో మీరు కొన్నారు, ధన్యవాదాలు అని ఉంది. కొన్నట్టు రసీదు ఉంటే చాలని సారు కళ్లద్దాలు సర్దుకొని చరాస్తి కిందనే రాశాడు.

కార్ల ఆట, కుస్తీ ఆట, క్రికెట్టు, ఇలా నలభై ఒక్క పేర్లు ఇంగ్లీషువి తెలుగులో ఎక్కాయి. కింద ఆయన ఎప్పుడూ రాసే మాటే రాశాడు. 'సదరు ఆటలను నేటి నుండి మీరు మీ పుత్ర పౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవించగలరు. ఇందు నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదు.' ఆ వాక్యం సారు గట్టిగా చదువుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. మా నాయన నాకు అంగుళం భూమి ఇవ్వలేదు. సర్వ హక్కులు అన్న మాట నా పేరు పక్కన పడటం అదే మొదలు.

నాలుగు నెలలు బాగా నడిచింది. బడి వదిలాక పిల్లలు, మధ్యాహ్నం ఇంటర్ పోరగాళ్లు. రజితను తీసుకొచ్చి కోదాడలో కిరాయికి దిగాం. ఆమె ముఖంలో నిశ్చింత చూసి ఎన్నాళ్లయిందో.

ఒక ఆదివారం పొద్దున షాపు నిండా పిల్లలున్నారు. టీవీలో ఆట ఆగిపోయి, ఇది మీరేనా అని అడిగింది. నలభై ఏడుతో ముగిసే నంబరుకు కోడ్ పంపాం, కొట్టండి అంది. ఆ నంబరు నాది కాదు, శ్రీనాథ్‌ది. ఫోన్ చేస్తే వెంటనే చెప్పాడు. పనైపోయింది. కొత్తలో ఒకసారి అడుగుతుందేమోలే అనుకున్నాను. అది కరెంటు పోయి వస్తే అడిగింది. నెట్ మారిస్తే అడిగింది. దానికి బుద్ధి పుట్టినప్పుడల్లా అడిగింది. శ్రీనాథ్ మిల్లులో పొద్దున డ్యూటీ ఎక్కితే ఫోన్ తీసి పెట్టెలో పెట్టాలట, మధ్యాహ్నం తినేటప్పుడే తీయనిస్తారట. అప్పటిదాకా నా షాపు రెండు నల్ల టీవీలతో నన్ను చూస్తూ కూర్చునేది. పిల్లలు అటు రోడ్డు మీద ఇంకో షాపుకు పోయేవాళ్లు.

అప్పటి నుంచి శ్రీనాథ్‌ను నేను కాచుకున్నంత ఎవరూ అల్లుణ్ణి కూడా కాచుకోరు. పొద్దున లేచావా, మిల్లుకు చేరావా, తిన్నావా. దసరాకు స్వీటు డబ్బా, ఎండాకాలం మామిడికాయలు. ఒకసారి రజిత అడిగింది, "మా తమ్మునికి ఎన్నడన్న ఫోన్ జేసి తిన్నవా అని అడిగినవా నువ్వు?" నాకు కోపం వచ్చింది. నేను కొన్న షాపులో, నేను కొన్న ఆటల కోసం ఇంకొకడి నిద్ర లేచే టైం తెలుసుకొని బతకడమేమిటి?

కొత్తవి కొనుక్కోమని రజిత అంది. నలభై ఒక్కటి మళ్లీ కొనాలంటే ఇంకో లారీలో వాటా ఉండాలి. షాపు అమ్మేద్దామంది. సూర్యాపేట నుంచి ఒకాయన వచ్చి చూశాడు కూడా. గేములు మనయేనా అని అడిగితే చాయ్ తాగించి పంపించాను. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇట్లా కాదని ఒక సెలవు రోజు చూసుకొని, దస్తావేజు సంచిలో పెట్టుకొని మిర్యాలగూడ బస్సెక్కాను. హుజూర్‌నగర్, నేరేడుచర్ల దాటి పోయేసరికి నడుము పట్టేసింది. శ్రీనాథ్ భార్య నాగరాణి పీట మీద దిండు వేసి కూర్చోబెట్టింది. శ్రీనాథ్ మంచోడు, అది మాత్రం చెప్పాలి. అతనికీ విసుగ్గానే ఉంది. ఆ నంబరుకు మిల్లులో సిగ్నల్ సరిగా అందదు, పడేద్దామంటే నా కోసం ఉంచుకుంటున్నాడు. ఖాతాలో తన నంబరు ఒక్కటి తీసి నా నంబరు ఎక్కించేద్దాం అన్నాడు. అది సాఫీగా అయిపోయేది. నేనే చెడగొట్టాను.

నాకు పేరు కావాలి. పాసు పుస్తకంలో పేరెక్కని వాడు కాగితం పట్టుకొని ఆఫీసుల చుట్టూ ఎట్లా తిరిగాడో, చివరికి ఎట్లా పోగొట్టుకున్నాడో మా దిక్కు ప్రతి ఇంట్లో ఒక కథ ఉంది. మా నాయన కథ కూడా అదే. కొన్నోడి పేరెక్కకపోతే అది కొన్నట్టే కాదు. నంబరు మారిస్తే మారింది, శ్రీనాథ్ పేరు తీసి ధర్మేందర్ అని ఎక్కించాలని పట్టుబట్టాను. పేరు మార్చాలంటే కంపెనీకి కారణం రాయాలంది ఫోను. శ్రీనాథ్ కొంచెం జంకాడు. మనమేం దొంగతనం చేశామా, మన దగ్గర కాగితం ఉంది అన్నాను. దస్తావేజు మూడు పేజీలూ కిటికీ వెలుగులో పరిచి ఫోటోలు తీశాం. స్టాంపు, సంతకాలు, సాక్షులు అన్నీ స్పష్టంగా పడ్డాయో లేదో నేనే చూశాను. శ్రీనాథ్ ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు రాశాడు, ఆటలన్నీ ఫలానా ధర్మేందర్‌కు అమ్మేశాను, ఆయన పేరు ఎక్కించగలరు అని.

నాగరాణి చాయ్ తెచ్చేలోపు జవాబొచ్చింది. ఖాతాను అమ్మడం నేరం కింద లెక్కట, తాళం వేసేశారు. ఏడు రోజుల్లో సరైన సంజాయిషీ ఇవ్వకపోతే నలభై ఒక్క ఆటలూ శాశ్వతంగా పోతాయట. మన సాక్ష్యం మన మెడకే చుట్టుకుంది. నేను పంపిన మూడు పేజీలూ వాళ్లకు నా నేరం ఒప్పుకోలు పత్రమైంది.

ఆ కోపంలో శ్రీనాథ్‌ను అనరాని మాటలన్నాను. నీది కానిది నాకు అమ్మినవు, మోసం జేసినవ్ అన్నాను. అతను తలొంచుకొని అంతా విన్నాడు.

"నేను గూడ కొన్ననే అనుకున్న అన్నా. కొను అని రాసున్న బటనే నొక్కిన," అన్నాడు. "ఇంటర్ల ఉన్నప్పటి సంది ఒక్కొక్కటి కొనుకుంట వచ్చిన. నావి కావని నాకు మాత్రం ఎవడు జెప్పిండు?"

ఆ మాటతో దస్తావేజు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆటలు కొనేటప్పుడు శ్రీనాథ్ ఒప్పుకున్నానని నొక్కిన షరతులన్నీ ప్రింటు తీయించి, మర్నాడు లక్ష్మీనర్సయ్య సారు ముందు పెట్టాను. ముప్పై ఎనిమిది పేజీలు. శ్రీనాథ్ ఒక్క లైను చదవలేదు, ఎవరూ చదవరట. సారు చదివాడు. నిఘంటువు పక్కన పెట్టుకొని రెండు రోజులు వేరే బేరం ముట్టకుండా చదివాడు. మూడో రోజు నేను పోయేసరికి చెట్టంత మనిషి చిన్నబోయి కూర్చున్నాడు.

"ఇది అమ్మకం కాదు ధర్మేందర్. కౌలు గూడా కాదు. కౌలుదారుకైనా నాలుగు హక్కులుంటాయి," అన్నాడు. "మన గట్టు మీద ఎవడన్నా నడుచుకుంటా పోతుంటే చూసీ చూడనట్టు ఊరుకుంటాం చూడు, అదీ ఇది. బుద్ధి పుట్టిన్నాడు ముళ్లకంప అడ్డం పెట్టుకోవచ్చు."

ఇంకా చాలా చెప్పాడు. ఆడుకోవడం ఇంట్లోనేనట, కిరాయికి ఆడించకూడదట. అంటే నా షాపు సంగతి వాళ్ల చెవిన పడితే అదొక తప్పు. ఎవరికీ ఇవ్వకూడదట, అమ్మకూడదట. అన్నిటికంటే పైది, ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ప్రాణంతోనే సరట. శ్రీనాథ్ పోయిన రోజు శ్రీనాథ్ కొడుక్కు కూడా ఏమీ రాదు. పుత్ర పౌత్ర పారంపర్యంగా అని రాసిన చేతిని సారు కాసేపు చూసుకున్నాడు. అమ్మినవాడికి హక్కు ఎక్కడిదో మూల పత్రం చదవకుండా నలభై ఏళ్లలో ఒక్క కాగితం రాయలేదట, ఇదొక్కటే రాశాడట. తప్పు నాదే అని ఆయన ఒప్పుకుంటే, తిడదామని పోయినవాణ్ణి ఆయనకే మంచినీళ్లు ఇచ్చి వచ్చాను.

ఏడు రోజుల్లో నాలుగు అయిపోయాయి. దారి ఒక్కటే మిగిలింది. ఆ కాగితం ఉత్తదని శ్రీనాథ్ రాసివ్వాలి. మళ్లీ మిర్యాలగూడ పోయి అతని పక్కన కూర్చుని, నేను తెలుగులో చెబుతుంటే అతను ఇంగ్లీషులో కొట్టాడు. అది దోస్తులం సరదాకు రాసుకున్న కాగితం. నేను ఎవరికీ ఏదీ అమ్మలేదు. నా ఇంట్లో నేనొక్కణ్ణే ఆడుకుంటాను. అంతవరకు శ్రీనాథ్ మెల్లగా కొడుతూ వచ్చాడు. ఆ తర్వాతి మాట చెప్పమని అతను నన్ను అడగలేకపోయాడు. నేనే చెప్పాను. ధర్మేందర్ అనే వ్యక్తికి ఈ ఆటల మీద ఎలాంటి హక్కూ లేదు, ఇక ముందు ఉండదు.

నా నోటితో నేనే అన్నాను. ఆటలు ఉండాలంటే అవి నావి కావని రాసివ్వాలి. నావేనని పట్టుబడితే పోతాయి. ఇట్లాంటి తిరకాసు మా నాయన భూమి పంచాయితీలో కూడా చూడలేదు. ఏడుపు వచ్చింది, నాగరాణి ఉందని ఆపుకున్నాను.

రెండు రోజులకు ఖాతా తెరిచారు. ఇక మీదట పేరుగాని నంబరుగాని మార్చడానికి వీల్లేదని, మళ్లీ ఇలాంటిది కనిపిస్తే చెప్పకుండానే మూసేస్తామని రాశారు. షాపులో పిల్లల కేకలు మళ్లీ మొదలయ్యాయి. కంపెనీవాళ్లు ఎక్కడి నుంచో నన్ను చూస్తున్నారేమోనని గడప మీద నీడ పడితే చాలు లేచి వీధిలోకి తొంగి చూసేవాణ్ణి. షాపు బోర్డు మీద గేమ్స్ అన్న మాట తీసేయించాను. నా షాపులో నేను దొంగచాటుగా కూర్చోవడం అలవాటైంది.

ఇది ఒక ఎత్తు. సారు చెప్పిన ప్రాణంతోనే సరి అన్న మాట ఒక ఎత్తు. అది నా నెత్తికెక్కి దిగలేదు. శ్రీనాథ్ రోజూ మోటారు సైకిలు మీద మిల్లుకు పోతాడు. కోతల కాలంలో ఆ రోడ్డంతా ధాన్యం ట్రాక్టర్లే. ఆ పిల్లగాడు హెల్మెట్ పెట్టుకోగా నేను చూడలేదు. తల నొప్పి అన్నాడంటే నాకు అన్నం దిగదు. దగ్గుతుంటే డాక్టరుకు చూపించుకోమని మూడు సార్లు ఫోన్ చేస్తాను. ఆ పిల్లగాని ఆయుష్షు మీదనే నా నడుము నిలబడి ఉంది. అది ఆగితే నేను మళ్లీ లారీ ఎక్కాలి.

మొన్న కార్తీకంలో ఒక మధ్యాహ్నం కోడ్ అడిగింది. శ్రీనాథ్ భోజనం వేళ. ఫోన్ ఎత్తలేదు. పదకొండు సార్లు చేశాను. చివరికి నాగరాణికి చేస్తే ఏడుస్తూ ఎత్తింది. తినడానికి ఇంటికొస్తుంటే రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బండి జారి పడ్డాడట, ఇప్పుడే దవాఖానకు తీసుకొచ్చారట.

"ఫోన్ పలిగిందా?" అన్నాను.

ముందు అదే అడిగాను. నేను ఏమన్నానో నాకే అప్పుడు వినబడింది. ఎట్లా ఉన్నాడు, ఏమైంది అని గబగబా అడిగాను. ఏడుపు గోలలో నా మొదటి మాట ఆమెకు వినబడలేదనుకుంటాను. మోచెయ్యి గీరుకుపోయింది, తలకు నాలుగు కుట్లు పడ్డాయి, స్కానింగులో ఏమీ లేదంది. షాపుకు తాళం వేసి అప్పటికప్పుడు బయల్దేరాను. మిర్యాలగూడలో బస్సు దిగి, అక్కడ దొరికిన వాటిలో అన్నిటికంటే గట్టి హెల్మెట్ ఏరి కొన్నాను. దాన్ని గోడకేసి కొట్టి చూశానని షాపాయన కోప్పడ్డాడు కూడా.

నేను పోయేసరికి శ్రీనాథ్ ఇంటికి వచ్చేశాడు. తలకు కట్టుతో మంచం మీద పడుకొని ఉన్నాడు. నన్ను చూడగానే లేవబోయి, దిండు కింద నుంచి ఫోన్ తీశాడు. కోడ్ వచ్చింది అన్నా, చెప్పలేకపోయిన, ఏమనుకోకు అన్నాడు. వద్దు పడుకో అన్నాను. హెల్మెట్ మంచం పక్కన పెట్టాను.

నాగరాణి దాన్ని చేతుల్లోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ల నిండా నీళ్లున్నాయి.

"ఈయనకు తోడబుట్టినోళ్లు ఇద్దరున్నరు. ఫోన్ల మాట్లాడి ఊకున్నరు," అంది. "నువ్వు ఏమైతవని గింత దూరం ఉరికొచ్చినవ్ అన్నా?"

ఆమె నాకు కాళ్లు కడుక్కోను నీళ్లిచ్చింది, కంచం పెట్టింది, వద్దన్నా వినకుండా నెయ్యి వేసింది. అట్లాంటి మర్యాదకు నేను తగనని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. అన్నం తినిపించి, దేవుడి పటం ముందు దీపం పెట్టి, ఆయన నిండు నూరేళ్లు బతకాలని ఆమె దండం పెట్టుకుంటుంటే నేనూ వెనక నిలబడి చేతులు జోడించాను. ఆమె కంటే గట్టిగానే మొక్కాను.